జాన్ డెన్వర్ ఎడమ భుజం వెనకాల

అక్టోబరు 12 వచ్చిందంటే మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఎవడో ఒకడు అమెరికన్ గాయకుడు జాన్ డెన్వర్ ఫొటో పెడతాడు. గుండ్రటి కళ్లద్దాలు, నుదుటి మీద పడే పసుప్పచ్చ జుట్టు, చేతిలో గిటారు. కింద ఎప్పుడూ ఒకటే వ్యాఖ్య: ‘లీవింగ్ ఆన్ ఎ జెట్ ప్లేన్’ రాసిన మనిషి చివరికి విమానంలోనే పోయాడు, చూశారా విధి! ఆ కింద వరసగా దండం బొమ్మలు. కాసేపటికి ఇంకొకడు వస్తాడు. ‘పోతే పోయాడు గానీ ఇష్టమైన పని చేస్తూ పోయాడు, అదృష్టవంతుడు’ అంటాడు.

ఈ రెండు మాటలూ నాకు ఒళ్లు మండిస్తాయి. ఎందుకు మండిస్తాయో గ్రూపులో టైపు చేసే ఓపిక లేదు, అక్కడ వినేవాళ్లూ లేరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మొదటిదాని సంగతి ముందు తేల్చేద్దాం. ఆ పాట ఆయన రాసింది 1966లో. అప్పటికి ఆయనకు విమానం నడపడం రాదు. 1969లో పీటర్, పాల్ అండ్ మేరీ అనే బృందం పాడితే అమెరికాలో నంబర్ వన్ అయింది. అది టికెట్ కొనుక్కుని సీటు బెల్టు పెట్టుకునే ప్రయాణికుడి పాట. అందులోని దిగులంతా వదిలి వెళ్తున్న మనిషి గురించే, ఎక్కబోయే విమానం గురించి కాదు. పైగా 1997లో కాలిఫోర్నియా తీరంలో ఆయన కూలిపోయింది జెట్‌లో కూడా కాదు. ఒక ఔత్సాహికుడు సొంతంగా కట్టుకున్న, తోకవైపు ప్రొపెల్లర్ ఉండే రెండు సీట్ల బుల్లి విమానం అది. పాట పేరులో విమానం ఉంది, చావులో విమానం ఉంది. ఆ రెంటికీ అంతకు మించి చుట్టరికం లేదు.

డెన్వర్‌కి విమానాలతో అసలు చుట్టరికం తండ్రి వల్ల వచ్చింది. ఇది పాట కన్నా పెద్ద కథ. 1943 డిసెంబరు 31న న్యూమెక్సికోలోని రాస్వెల్‌లో పుట్టినప్పుడు ఆయన పేరు హెన్రీ జాన్ డ్యూషెన్‌డార్ఫ్ జూనియర్. ఆ పేరు ఏ బోర్డు మీదా పట్టదని తర్వాత మార్చుకున్నాడు. కొలరాడో అంటే ప్రాణం కాబట్టి దాని రాజధానే ఇంటిపేరయింది. సీనియర్ డ్యూషెన్‌డార్ఫ్ అమెరికా వైమానిక దళంలో పైలట్. మామూలు పైలట్ కూడా కాదు, 1961లో బీ-58 హస్లర్ అనే బాంబర్ మీద ప్రపంచ వేగ రికార్డులు పెట్టినవాడు. ఇంట్లో మాత్రం నోరు మెదపని మనిషి. ప్రేమ ఉన్నా బయటికి చూపించడం చేతకాని తండ్రిగా కొడుకు తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఇలాంటి నాన్నలు మనకు కొత్తేమీ కాదు.

కొన్నేళ్లకోసారి బదిలీ. కొత్త ఊరు, కొత్త బడి, స్నేహితులు కుదిరేలోపు మళ్లీ సామాన్లు సర్దుకోవడం. పిల్లవాడి చేతికి అమ్మమ్మ 1910 నాటి గిబ్సన్ గిటారు ఇచ్చింది, అదొక్కటే ఊళ్లు మారినా వెంట వచ్చింది. టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో హైస్కూల్లో ఉండగా తండ్రి కారు తీసుకుని పాటలు పాడుకుంటానని కాలిఫోర్నియా పారిపోయాడు. తండ్రి విమానంలో వెళ్లి వెనక్కి పట్టుకొచ్చాడు. తర్వాత కాలేజీలో ఆర్కిటెక్చర్‌లో చేరి, అదీ మధ్యలో వదిలేశాడు.

సొంత ఊరంటూ లేని ఈ మనిషే 1971లో ‘టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్’ పాడాడు. బిల్ డానాఫ్, టాఫీ నివర్ట్ అనే ఇద్దరితో కలిసి రాసిన పాట అది. అందులో పొగిడిన వెస్ట్ వర్జీనియాతో వాళ్లకి పెద్ద పరిచయమేమీ లేదు. అయినా 2014లో ఆ రాష్ట్రం దాన్ని అధికార గీతాల్లో చేర్చుకుంది. అమెరికాలో ఉంటున్న మా బ్యాచ్‌వాళ్లు కలిసిన ప్రతిసారీ, రెండో రౌండు దాటాక, గుంటూరు యాసలో ఇదే పాట మొదలెడతారు. వాళ్లలో ఎవరూ వెస్ట్ వర్జీనియా చూడలేదు. పాట రాసినవాళ్లే సరిగ్గా చూడనప్పుడు వీళ్లనేం అంటాం.

తండ్రీకొడుకుల దగ్గరికి మళ్లీ వస్తాను. డెబ్బైల నడిమికి డెన్వర్ అమెరికాలో అందరికన్నా ఎక్కువ రికార్డులు అమ్ముడయ్యే గాయకుల్లో ఒకడు. కచేరీలకు తిరగడానికి లియర్‌జెట్ కొన్నాడు. అది నడపడం ఎవరు నేర్పారనుకున్నారు? రిటైరైన తండ్రే. ఇరవై ఏళ్లు ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోలేనివాళ్లకి కాక్‌పిట్‌లో పక్కపక్కన కూర్చున్నాక మాటలు దొరికాయి. ఎత్తు, వేగం, గాలి దిశ, చెక్‌లిస్టు. ఆ తరం మగవాళ్లకి మాట్లాడుకోవడానికి ఏదో ఒక యంత్రం అడ్డం ఉండాలేమో. అందుకే ఆయన విమానాల్ని ‘స్టార్ల సరదా’ కింద జమకడితే నేను ఒప్పుకోను. ఆ మనిషి నాన్నతో రాజీపడిన చోటు అది.

సరదా కాదనడానికి ఇంకో రుజువు ఆయన లాగ్‌బుక్కు. 2,700 గంటలకు పైగా ఎగిరిన అనుభవం. ఒక ఇంజను, రెండు ఇంజన్లు, నీటి మీద దిగేవి, గ్లైడర్లు, మబ్బుల్లో కేవలం పరికరాలు చూసి నడపడం, వీటన్నిటికీ అర్హతలు, పైన లియర్‌జెట్‌ది వేరే. పాత రెండంతస్తుల రెక్కల విమానాలు సేకరించేవాడు, పల్టీలు కొట్టే క్రిస్టెన్ ఈగిల్ ఒకటి ఉండేది. అంతరిక్షంలోకి వెళ్లే మామూలు పౌరుల్లో తానూ ఉండాలని నాసా చుట్టూ తిరిగాడు. 1986లో ఛాలెంజర్ పేలిపోయి టీచర్ క్రిస్టా మెకాలిఫ్‌తో సహా ఏడుగురూ చనిపోయాక వాళ్ల కోసం ఒక పాట కట్టాడు.

పాటల లోకంలో మాత్రం ఆయన్ని ఎవరూ పూర్తిగా తమవాడనుకోలేదు. 1975లో నాష్‌విల్‌లో, కంట్రీ మ్యూజిక్ అనే అమెరికా పల్లె బాణీ పాటలవాళ్ల సంఘం, కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ అవార్డుల రాత్రి, ఏడాది మొత్తానికి ఉత్తమ కళాకారుడి పేరు చదవడానికి అంతకు ముందు ఏడాది విజేత చార్లీ రిచ్ వేదిక ఎక్కాడు. కవరు చింపాడు, చీటీ చూశాడు, జేబులోంచి లైటర్ తీసి దానికి నిప్పంటించాడు. అది కాలుతుండగానే జాన్ డెన్వర్ పేరు చెప్పాడు. ఆస్ట్రేలియా నుంచి శాటిలైట్‌లో తెర మీద కనపడుతున్న డెన్వర్‌కి ఇక్కడేం జరిగిందో తెలియదు, నవ్వుతూ కృతజ్ఞతలు చెప్పుకుంటూ పోయాడు. కంట్రీ సంగీతం కాని వాడికి ఇచ్చారన్న కోపంతో చేశాడని కొందరు, తాగిన మైకంలో చేశాడని కొందరు అనుకున్నారు. కంట్రీవాళ్లకి ఈయన పాప్, రాక్ విమర్శకులకి మరీ పాలకోవా. నా మటుకు నాకు ఆ తీపితో పేచీ లేదు. ‘యానీస్ సాంగ్’లో గొంతు పైకి లేచే చోట ఆయన ఊపిరి తీసుకోవడం వినండి. తేలిగ్గా అనిపించేలా పాడటం ఎంత కష్టమో పాడేవాళ్లకి తెలుస్తుంది.

సరే, ఇక అసలు విషయం. దీని గురించే రాయాలని మొదలుపెట్టాను.

ఆ విమానం పేరు లాంగ్-ఈజీ. బర్ట్ రుటాన్ అనే మేధావి డిజైన్. ఈయన గీసిన వాయేజర్ అనే విమానమే 1986లో మధ్యలో ఎక్కడా ఆగకుండా, ఇంధనం నింపుకోకుండా భూగోళం చుట్టొచ్చింది. లాంగ్-ఈజీకి ఫ్యాక్టరీ లేదు. ప్లాన్లు కొనుక్కుని, ఫోమూ ఫైబర్‌గ్లాసూ తెచ్చుకుని ఎవరి షెడ్డులో వాళ్లు కట్టుకోవాలి. చూడ్డానికి వెనక్కి ఎగురుతున్నట్టు ఉంటుంది. ముక్కు దగ్గర చిన్న రెక్క, వెనక పెద్ద రెక్కలు, వాటి వెనక ఇంజను. రెక్కల మొదట్లో అటొకటి ఇటొకటి రెండు ఇంధనం ట్యాంకులు. ఇంజను ఒకసారి ఒక ట్యాంకు నుంచే తాగుతుంది. అది అయిపోవస్తే వాల్వు తిప్పి రెండోదానికి మార్చుకోవాలి.

పాత చేతక్ స్కూటరు నడిపినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. బండి టపటపలాడి ఆగబోతుంటే సీటు కిందికి వంగి పెట్రోలు నాబ్‌ని రిజర్వ్‌కి తిప్పేవాళ్లం. మా నాన్న బండి ఆపకుండానే, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, కిందికి వంగి తిప్పేవాడు. ఆ వంగినప్పుడు బండి ఎటోవైపు లాగేది. రోడ్డు మీద కాబట్టి సరిపోయింది.

రుటాన్ ప్లాను ప్రకారం ఆ వాల్వు పైలట్ కాళ్ల మధ్య, ఎదురుగా ఉండాలి. ఈ విమానం కట్టినాయనకి ఇంధనం గొట్టాలు కాక్‌పిట్‌లోకి రావడం ఇష్టం లేదు. ప్రమాదమేదైనా జరిగితే మంటలంటుకుంటాయని ఆయన భయం. తప్పుపట్టలేని భయమే. అందుకని వాల్వును వెనక్కి జరిపి, పైలట్ ఎడమ భుజం వెనక గోడకి హ్యాండిల్ పెట్టాడు. ఆ హ్యాండిల్ పక్కన ఏ వైపు తిప్పితే ఏ ట్యాంకో రాసిలేదు. ఎంత ఇంధనం ఉందో చూపించే గాజు గొట్టాలు వెనక సీటు దగ్గర ఉన్నాయి, వాటి మీదా కొలత గీతల్లేవు. ముందు కూర్చున్నవాడికి అవి కనపడవు.

డెన్వర్ ఈ విమానం అప్పుడే కొన్నాడు. శాంటా మరియాలో ఇంకో పైలట్‌తో కలిసి అరగంట ఎగిరి చూసుకుని, ముందురోజే మాంటరే తెచ్చుకున్నాడు. అక్టోబరు 12, ఆదివారం సాయంత్రం. బయల్దేరే ముందు అక్కడి టెక్నీషియన్‌తో కలిసి వాల్వు సంగతి చూశాడు. అందట్లేదు. హ్యాండిల్‌కి వైస్ గ్రిప్ పటకారు తగిలించి పొడవు పెంచి చూశారు, కుదర్లేదు. అవసరమైతే ఆటోపైలట్ పెట్టి, విమానం నిలకడగా ఉండగా వెనక్కి తిరిగి మార్చుకుంటానన్నాడు. గాజు గొట్టాలు చూసుకోవడానికి టెక్నీషియన్ ఒక చిన్న అద్దం ఇచ్చాడు. ఇంధనం పోయించుకుంటారా అనడిగితే వద్దన్నాడు, గంటసేపే కదా అన్నాడు. అప్పటికి ఒక ట్యాంకులో సగం కన్నా తక్కువ, రెండోదాంట్లో పావు కన్నా తక్కువ ఉంది.

5:12కి పైకి లేచాడు. మూడుసార్లు రన్‌వేని తాకి మళ్లీ ఎగిరి చెయ్యి అలవాటు చేసుకున్నాడు. తర్వాత పసిఫిక్ గ్రోవ్ ఊరి తీరం వైపు తిరిగాడు. 5:28 ప్రాంతంలో, నీళ్లకి 500 అడుగుల ఎత్తులో ఉండగా ఇంజను శబ్దం మారడం ఒడ్డునున్నవాళ్లు కొందరు విన్నారు. విమానం ఒక్కసారి కుడివైపుకి ఒరిగి, ముక్కు కిందికి పెట్టి సముద్రంలో పడిపోయింది. వయసు 53.

అమెరికా రవాణా భద్రతా బోర్డు దర్యాప్తు చేసినవాళ్లు ఊరికే కాగితాలు తిరగెయ్యలేదు, కాక్‌పిట్‌లో కూర్చుని చేసి చూశారు. ఆ వాల్వు తిప్పాలంటే విమానాన్ని నడిపే స్టిక్ మీది చెయ్యి తీసెయ్యాలి, భుజం పట్టీ వదులు చెయ్యాలి, నడుం పైభాగమంతా ఎడమకి మెలి తిప్పాలి. అలా తిరిగినప్పుడు ఒంటికి ఆనింపు కోసం కుడికాలు తనకు తానే ముందుకు నొక్కుకుంటుంది. ఆ కాలి కింద కుడి రడ్డర్ పెడల్ ఉంది. పెడల్ నొక్కితే విమానం కుడికి తిరుగుతుంది. 500 అడుగుల ఎత్తులో దాన్ని సరిదిద్దుకునే టైము ఎవరికీ ఉండదు.

ఇదీ జరిగింది. ఇందులో విధి ఎక్కడుందో చూపించండి.

1999లో వచ్చిన తీర్పులో బోర్డు ఎవరినీ వదల్లేదు. వాల్వు అందుకోబోయి విమానం మీద ధ్యాస పోవడం, ఇంధనం నింపుకోకుండా బయల్దేరడం, ఈ రెండూ పైలట్ ఖాతాలో, అసలు కారణాలుగా రాసింది. గుర్తుల్లేని వాల్వుని అందని చోట పెట్టడం, గీతల్లేని కొలతలు, కొత్తరకం విమానం మీద చాలీచాలని శిక్షణ, ఇవన్నీ దోహదం చేసినవిగా రాసింది. ఇళ్లలో కట్టే విమానాల్లో ఇలాంటి ముఖ్యమైన మీటలు చేతికి అందేలా ఉండాలని, నడిపేవాళ్లకి శిక్షణ ఉండాలని సిఫార్సు చేసింది.

నా ఉద్యోగమంతా ప్లాంటు మెయింటెనెన్స్‌లోనే గడిచింది కాబట్టి ఆ నివేదిక నాకు నవల కన్నా బాగా ఎక్కింది. మొదట్లో నేను పనిచేసిన చోట ఆవిరి లైను మీద ఒక వాల్వు ఉండేది. రెండు పైపుల వెనక, తలకన్నా ఎత్తులో. తిప్పాలంటే ఖాళీ పెయింట్ డబ్బా బోర్లించి ఎక్కాలి. ఆ డబ్బా అడుగు బూట్ల మడమలకి సొట్టలు పోయి ఉండేది. ఆడిట్ ఉందంటే డబ్బా మాయం, వాళ్ల కారు గేటు దాటగానే మళ్లీ ప్రత్యక్షం. ఒక నైట్ షిఫ్టులో కుర్రాడొకడు జారి మోచెయ్యి దాకా కాల్చుకున్నాడు. రిపోర్టులో ‘ఆపరేటర్ అజాగ్రత్త’ అని ఒక్క ముక్క. డబ్బా ఊసు లేదు, వాల్వు అక్కడెందుకుందన్న ప్రశ్న లేదు, ఫైలు క్లోజ్.

‘ఆపరేటర్ అజాగ్రత్త’, ‘విధి’, ‘ఇష్టమైన పని చేస్తూ పోయాడు’, ఈ మూడూ నా దృష్టిలో ఒక్క బాపతే. మూడూ అక్కడితో ప్రశ్నల్ని ఆపేస్తాయి. చివరిది మరీ మోసం, ఎందుకంటే ఓదార్పు వేషంలో వస్తుంది. ఆయన చివరి క్షణాలు ఆకాశాన్ని ఆస్వాదిస్తూ గడవలేదు. నడుం మెలితిప్పి, కనపడని హ్యాండిల్ కోసం తడుముకుంటూ గడిచాయి. అందులో ఇష్టం ఏముంది?

ఈ జబ్బు మనకీ తక్కువేమీ లేదు. 2002 మార్చిలో లోక్‌సభ స్పీకర్ బాలయోగి ఎక్కిన హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో పడిపోయింది. 2004 ఏప్రిల్‌లో సౌందర్య ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయల్దేరి, బెంగళూరు జక్కూరులో విమానం లేచిన కాసేపటికే కాలిపోయింది. ఆమె జాతకం గురించి ఎన్ని కబుర్లు విన్నామో గుర్తుందా? ఆ విమానానికి ఏమైందన్నది మాత్రం నాకు తెలిసినవాళ్లలో ఒక్కరూ చెప్పలేరు. మంచి తార, చిన్న వయసు, రాసిపెట్టి ఉంది. అంతే.

నేను డెన్వర్‌ని వెనకేసుకొస్తున్నానని అనుకునేవాళ్లకి ఇది కూడా చెప్పాలి. ఆ రోజు ఆయన అసలు ఎగరకూడదు. తాగి కారు నడిపిన కేసులు 1993లో ఒకటి, 1994లో ఒకటి ఉన్నాయి. చుక్క ముట్టకూడదన్న షరతు మీద పైలట్ మెడికల్ సర్టిఫికెట్ నిలబడింది. షరతు నిలబెట్టుకోలేదని తేలడంతో 1996లో అదీ పోయింది. ప్రమాదం రోజు ఆయన శరీరంలో మద్యం గానీ, ఇంకే మత్తు గానీ లేదని పరీక్షల్లో తేలింది. తాగి కూల్చుకున్నాడనే పుకారు అబద్ధం. చెల్లని సర్టిఫికెట్‌తో ఎగిరాడన్నది నిజం. అభిమానులు మొదటిది గట్టిగా చెప్పి రెండోది నమిలి మింగుతారు. గిట్టనివాళ్లు రెండోది పట్టుకుని మొదటిది వినరు. 2,700 గంటలు ఎగిరినవాడు, అందని వాల్వునీ కనపడని కొలతనీ చూసి కూడా, ఒక్క పది నిమిషాలు ఆగి ట్యాంకులు నింపించుకుని ఉంటే వాల్వు జోలికే వెళ్లాల్సిన పని ఉండేది కాదు. నాకు ఆయన మీద కోపం ఉందంటే అక్కడే ఉంది. ఆ కోపం ఉండటం తప్పని కూడా అనుకోను. పైలట్‌గా ఒప్పుకున్న మనిషిని పైలట్‌గానే నిలదియ్యాలి.

మా గ్రూపులో నా స్నేహితుడొకడు దీన్ని ఒప్పుకోడు. ‘అంత గొప్ప గొంతుని తీసుకెళ్లి ఒక వాల్వు దగ్గర కూర్చోబెట్టావు, నీకు పాటలు వినడం చేతకాదు’ అంటాడు. నేను పాటలు వాడికన్నా ఎక్కువే వింటాను. ఆస్పెన్‌లో నది పక్కన ఆయన పాటలు చెక్కిన బండరాళ్ల తోట ఉంది, ఎప్పటికైనా అక్కడికి వెళ్లాలని నాకూ ఉంది. కాకపోతే విమానాలు నడిపేవాళ్ల సంగతి చూడండి. తోటి పైలట్ పోతే ఏడుస్తారు, ఆ తర్వాత నివేదిక తెచ్చుకుని పేజీ పేజీ చదువుతారు. తమ విమానంలో తమ వాల్వు ఎక్కడుందో వెళ్లి చూసుకుంటారు. డ్యూషెన్‌డార్ఫ్ ఇంట్లో పుట్టినవాడికి ఆ పద్ధతి కొత్తగా అనిపించేది కాదనే నా నమ్మకం.

ఇంకొక్క సంగతి. బతికుండగా ఆయనకి ఒక్క గ్రామీ కూడా రాలేదు. పోయాక, 1998లో, పిల్లల పాటల విభాగంలో ‘ఆల్ అబోర్డ్!’ అనే ఆల్బమ్‌కి వచ్చింది. అందులో ఉన్నవన్నీ రైలు పాటలు. వచ్చే అక్టోబరులో మా గ్రూపువాళ్లు ఇది కనిపెట్టి, విమానం మనిషికి రైలు పాటల మీద అవార్డు రావడంలో కూడా ఏదో ఒక విధి లాగుతారు. లాగనివ్వండి. ఆల్బమ్ మాత్రం బాగుంటుంది, ఇంట్లో చిన్నపిల్లలుంటే పెట్టి చూడండి.